రోహిణి కార్తెలో ఇల్లు మారడం: ఒక ప్యాకర్స్ సంస్థ పనితనంపై సమీక్ష

విజయవాడ సత్యనారాయణపురంలో పదకొండేళ్లు కాపురం చేసిన ఇంటిని ఖాళీ చేసి, మే నెలాఖరులో హైదరాబాద్ నిజాంపేటకు మారాం. నేను బ్యాంకు ఉద్యోగిని. బదిలీ ఉత్తర్వు ఏప్రిల్ చివరి వారంలో చేతికి వచ్చింది. సామాను సర్దడం, తరలించడం, దించడం అన్నీ కలిపి ఒక ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థకు అప్పగించాం. నష్టపరిహారం సంగతి ఇంకా తేలలేదు కాబట్టి ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నా తీర్పు మాత్రం ముందే చెప్పేస్తాను. మా ఇంటికి వచ్చి సామాను కట్టిన నలుగురు మనుషులకు అయిదుకు అయిదు మార్కులు వేస్తాను. వాళ్లను పంపిన ఆఫీసుకు ఒకటిన్నరకు మించి వేయలేను. ఎండలో సామాను ఎలా ఉంటుందో ఆ నలుగురికీ తెలుసు, ఏసీ గదిలో కూర్చుని అంచనా వేసిన ఆఫీసుకు తెలియదు. నా ఫిర్యాదులన్నీ చివరికి అక్కడికే వస్తాయి.

వేసవిలోనే ఎందుకు మారారని అడిగినవారు చాలామంది ఉన్నారు. బ్యాంకులో బదిలీలు వచ్చేదే ఆ రోజుల్లో. పాప బడి జూన్ 12న తెరుస్తారు, ఆలోగా కొత్త బడిలో చేర్చాలి. పైగా ఆషాఢం వచ్చిందంటే అత్తయ్యగారు గడప దాటనివ్వరు. మనలాంటి లెక్కలే ఊరంతా వేస్తుంది కాబట్టి ఏప్రిల్ 20 తరువాత మొదలై జూన్ రెండో వారం వరకూ ఈ సంస్థలకు ఊపిరి సలపదు. ధర చూడటానికి వచ్చిన ప్రతినిధే ఆ మాట దాపరికం లేకుండా చెప్పాడు. నెల చివరి రోజుల్లోనూ, ముహూర్తాలున్న రోజుల్లోనూ ఒక రేటు, నెల మధ్యలో మంగళవారం నాడు మారితే మరో రేటు అని. మంగళవారం మాట అత్తయ్యగారి చెవిన పడకుండా జాగ్రత్తపడ్డాను.

ఇక అంచనా గురించి. బ్యాంకు నుంచి ఖర్చు రాబట్టుకోవాలంటే మూడు కొటేషన్లు, జీఎస్టీ బిల్లు, లారీ రసీదు ఉండాలి. అందువల్ల మూడు సంస్థలను పిలిచాను. నేను చివరికి ఎంచుకున్న సంస్థ ఫోనులో 22,000 రూపాయలు అన్నది. ఇల్లు చూసి వెళ్లాక అది 31,500 అయింది. దీన్ని మోసమని నేను అనను. రెండు పడకగదుల ఇల్లు అని చెబితే వాళ్ల లెక్కలో ఉండేవి రెండు మంచాలు, ఒక బీరువా, ఒక ఫ్రిజ్. మా ఇంట్లో మూడు బీరువాలు, మామయ్యగారి టేకు రాతబల్ల, తొమ్మిది వందలకు పైగా పుస్తకాలు, ఒక రోలు, దాని పొత్రం ఉన్నాయి. ఫోనులో చెప్పే రేటుకు విలువ ఇవ్వకూడదు. మనిషి వచ్చి అటక ఎక్కి చూసి, వస్తువు వస్తువునూ కాగితం మీద రాసుకుని ఇచ్చిన రేటే రేటు. ఈ సంస్థ ప్రతినిధి అటక ఎక్కి చూశాడు, మిగతా ఇద్దరూ ఎక్కలేదు. వీరిని ఎంచుకోవడానికి అదే కారణం.

ఆ కాగితంలో మూడు అంశాల దగ్గర ఆగాను. మొదటిది, ‘ఈ-వే బిల్లు ఖర్చు’ పేరుతో 600 రూపాయలు. సరకు తరలించేటప్పుడు జీఎస్టీ కింద తీసుకునే ఆన్‌లైన్ పత్రం అది. వాడిన వ్యక్తిగత, గృహ సామగ్రికి ఈ-వే బిల్లు అవసరం లేదని జీఎస్టీ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. ఆ మాట చెప్పగానే ఆ వరుస కొట్టేశారు. వాదించలేదు, ఆశ్చర్యపోలేదు, నవ్వి కొట్టేశారు. అడగనివారి దగ్గర ఎంత వసూలవుతుందో దాన్నిబట్టే అర్థమైంది. రెండోది, 18 శాతం జీఎస్టీ. బిల్లు వద్దంటే అది లేకుండా చేస్తామన్నారు. బిల్లు లేకపోతే రేపు ఏ నష్టానికీ ఆధారం ఉండదు కాబట్టి, బ్యాంకు అడగకపోయినా నేను బిల్లే అడిగేదాన్ని. మూడోది ‘ట్రాన్సిట్ రిస్క్’, అంటే దారిలో జరిగే నష్టానికి హామీ. సామాను విలువ 4 లక్షలని రాసి, దాని మీద 1.5 శాతం చొప్పున 6,000 రూపాయలు వేశారు. దాన్ని బీమా అనుకుని సంతకం పెట్టాను. అది నా తప్పు, దాని సంగతి తరువాత చెబుతాను. మొత్తం 37,500, దాని మీద పన్ను 6,750, వెరసి 44,250 రూపాయలు. బయానా 5,000.

మే 27వ తేదీ ఉదయం ఆరు గంటలకు మనుషులు వస్తారన్నది మాట. రోహిణి కార్తె వచ్చేసింది, బెజవాడలో తొమ్మిది దాటితే మేడ మీది గదులు పొయ్యిలవుతాయి, మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకే ఆరు గంటలని కాగితం మీద రాయించాను. నాలుగు గంటలకే లేచి అందరం స్నానాలు ముగించి కూర్చున్నాం. ఏడుకు ఫోను చేస్తే దారిలో ఉన్నారన్నారు, ఎనిమిదికీ అదే మాట. పది గంటల నలభై నిమిషాలకు వచ్చారు. వచ్చిన కుర్రాళ్లను అడిగితే, తమకు ఆఫీసు చెప్పిన సమయమే పదిన్నర అన్నారు. ఆరు గంటలని మాకు రాసిచ్చిన కాగితం వాళ్లెవరూ చూడలేదు. పోగొట్టుకున్న ఆ నాలుగున్నర గంటల చల్లదనాన్ని ఆ రోజు మళ్లీ ఎవరూ తెచ్చి ఇవ్వలేకపోయారు.

ఆ నలుగురి గురించి మాత్రం మనసారా రాయాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినవారు. పెద్దవాడికి నలభై ఏళ్లుంటాయి, మిగతా ముగ్గురూ పాతికలోపువారు. పెద్దాయన లోపలికి వస్తూనే ఇల్లంతా ఒకసారి తిరిగి, ఏ గదిలోకి ఏ వేళకు ఎండ వస్తుందని అడిగాడు. అలా అడిగినవారిని నేనెప్పుడూ చూడలేదు. పడమటి గదిని ముందు ముగించేసి, మధ్యాహ్నానికి తూర్పు గదిలోకీ వంటింట్లోకీ వచ్చేలా పని వరుస పెట్టుకున్నాడు. కట్టిన పెట్టెలను బాల్కనీలో పెట్టబోయిన కుర్రవాణ్ణి ఆపి, “అక్కడెట్టకురా, ఎండకి గమ్ము ఊడిపోతాది” అన్నాడు. టేపు గమ్ము వేడికి వదులవుతుందని, అడుగు భాగానికి ఒక వరుస కాకుండా మూడు వరుసలు వేసి, పక్కలకు జానెడు మడిచి అతికించాలని చేసి చూపించాడు. పెట్టె అంచును బొటనవేలితో ఒత్తుకుంటూ పోయి, టేపు కింద బుడగ కనిపించిన చోటల్లా గోరుతో గీసి మళ్లీ ఒత్తేవాడు. నేను కట్టిన రెండు పెట్టెలను చూసి ఏమీ అనలేదు, మెల్లగా విప్పి మళ్లీ కట్టాడు.

పుస్తకాలకు చిన్న పెట్టెలే వాడారు. పెద్ద పెట్టెలో నింపితే మోసేవాడి నడుము, పెట్టె అడుగు రెండూ పోతాయి. స్టీలు గిన్నెలను ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్యన పాత పేపరు వేసి, గోనెసంచుల్లో కుట్టేశారు. గాజు సామానుకు కాగితం, దానిపై బబుల్ షీటు, ఆ పైన ముడతల అట్ట చుట్టారు. ముందువైపు తలుపుండే వాషింగ్ మెషీన్ దగ్గరికి వచ్చి, “దీని బోల్టులు దాచినారా అమ్మా?” అని అడిగాడు పెద్దాయన. కొన్న రోజున మెషీన్ వెనుక నుంచి ఊడదీసిన నాలుగు పొడవాటి బోల్టులను, ఎందుకో తెలియకుండానే, వంటింటి సొరుగులో వేసి ఉంచాను. అవి బిగించకుండా తరలిస్తే లోపలి డ్రమ్ము ఊగి స్ప్రింగులు దెబ్బతింటాయట. తాను తిరిగే ఇళ్లలో పదింటికి ఒక ఇంట్లో కూడా ఆ బోల్టులు దొరకవని అన్నాడు. ఫ్రిజ్‌ను ముందు రాత్రే ఆపి మంచు కరిగించి తుడిచి పెట్టడం మాత్రం నాకు తెలుసు. దానికి మెచ్చుకోలు దక్కింది. దాన్ని పడుకోబెట్టకూడదు, కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది. నిలబెట్టే తీసుకెళ్లి, దించాక కూడా నాలుగు గంటలు ఆగి స్విచ్చు వేయమన్నాడు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా రోలు పగల్లేదు గానీ, మూడు అంతస్తులు దించుతున్న ఇద్దరి భుజాలు మాత్రం కందిపోయాయి. తలగుడ్డను నీళ్లలో ముంచి భుజం మీద వేసుకుని, మెట్టుకు మెట్టుకూ ఆగుతూ దించారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి వరకూ పని ఆపమని నేనే అన్నాను. అత్తయ్యగారు ఒక పెద్ద గిన్నె మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ, కరివేపాకు వేసి ఇచ్చారు. “ఆఫీసోళ్లకి లేటయ్యిందని చెప్పకండమ్మా, కోత ఎడతారు” అని ఒక కుర్రవాడు వెళ్లేముందు నా దగ్గర గొణిగాడు. ఇంత ఎండలో మధ్యాహ్నం రెండు గంటల విరామాన్ని అంచనాలోనే రాసుకోని సంస్థ, దాన్ని కూలివాళ్ల ఆలస్యంగా లెక్కేసుకుంటోందన్నమాట. ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన విషయం ఇదే.

సామాను చుట్టే దుప్పట్ల విషయంలోనూ ఆఫీసు పిసినారితనమే బయటపడింది. పాలిష్ చేసిన చెక్కకు బబుల్ షీటు నేరుగా తగలకూడదు. ముందు మెత్తని గుడ్డో దుప్పటో చుట్టి, ఆ పైన బబుల్ షీటు వేయాలి. లేకపోతే వేడికి పాలిష్ మెత్తబడి ఆ బుడగల అచ్చు దానిమీద పడుతుంది. ఇది కూడా పెద్దాయన చెప్పిన మాటే. కానీ మూడు బీరువాలు, రెండు మంచాలు, ఒక రాతబల్ల ఉన్న ఇంటికి ఆఫీసు పంపినవి నాలుగు దుప్పట్లు. మా పాత బొంతలు, దుప్పట్లు అన్నీ ఇచ్చినా, రాతబల్ల పైభాగానికి చుట్టేసరికి అయిపోయాయి. పక్కలకు గత్యంతరం లేక బబుల్ షీటే చుట్టారు. “రేత్రికి రేత్రి ఎల్లిపోతే ఏటీ కాదమ్మా” అన్నాడు. రాత్రికి రాత్రే వెళ్లలేదు.

దానికంటే ముందు ఏసీ గురించి రెండు మాటలు చెప్పాలి. చాలా సంస్థల్లాగే వీరు కూడా ఏసీ విప్పడానికి బయటి మెకానిక్‌ను పంపి, దానికి విడిగా డబ్బు తీసుకుంటారు. వేసవిలో మెకానిక్ దొరకడమే భాగ్యం కాబట్టి వచ్చినవాడిని చూసి చేతులు జోడించే స్థితిలో ఉంటాం. కానీ స్పానర్ తీసి గొట్టాలు విప్పబోయే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: గ్యాసు బయటి యూనిట్‌లోకి లాగుతున్నావా లేదా? ఏసీని చల్లదనంలో నడుపుతూ, బయటి యూనిట్ దగ్గర సన్న గొట్టం వాల్వును అలెన్ కీతో మూసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి లావు గొట్టం వాల్వు కూడా మూసి, వెంటనే ఏసీ ఆపేస్తే గ్యాసంతా బయటి యూనిట్‌లో నిలిచిపోతుంది. అలా చేయకుండా విప్పేస్తే అంతా గాలిలో కలుస్తుంది, కొత్త ఊళ్లో గ్యాసు నింపినందుకు రెండు మూడు వేలు వదులుతాయి. మాకు వచ్చిన మెకానిక్ మొదటి ఏసీని ఇవేమీ లేకుండా విప్పబోయాడు. మావారు పక్కన నిలబడి అడిగాక, “మీకు తెలుసు కదా సార్, చేద్దాం” అన్నాడు. తెలియనివారి ఏసీలకు ఏమవుతుందో ఆ మాటలోనే ఉంది.

తీసుకెళ్లని వస్తువుల జాబితాను సంస్థ ముందుగానే ఇచ్చింది, అందుకు మెచ్చుకుంటాను. గ్యాసు సిలిండర్, కిరోసిన్, పెయింటు, స్ప్రే డబ్బాలు, నూనెలు, ద్రవాలు ఏవీ ఎక్కించరు. మూసిన వాహనంలో మే నెల వేడికి ఇది సరైన నిబంధనే. సిలిండర్లు, రెగ్యులేటర్ మేము ముందు రోజే డీలరు దగ్గర అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, కనెక్షన్ రద్దు వోచర్ రాయించుకున్నాం. కొత్త ఊళ్లో కనెక్షన్‌కు ఆ కాగితమే ఆధారం.

ఆవకాయ దగ్గర మాత్రం గొడవ వచ్చింది. హైదరాబాద్‌లో మంచి కాయ దొరకదన్న పట్టుదలతో అత్తయ్యగారు నూజివీడు కాయ తెప్పించి, ఇల్లు మారడానికి రెండు రోజుల ముందు ఆవకాయ పెట్టారు. మూడో రోజు తిరగకలపాల్సిన జాడీ అది. పెద్దాయన దాన్ని చూసి, వాసెన కట్టిన గుడ్డను ముట్టుకుని, వేలికి అంటిన నూనె చూపించి, “ఇది లారీలో ఎడితే మీ చీరలన్నీ ఎర్రగా అయిపోతాయి, పెద్దమ్మా” అన్నాడు. చివరికి ఆ జాడీ కారులో అత్తయ్యగారి కాళ్ల మధ్య కూర్చుని, 275 కిలోమీటర్లూ ఆమెతో పాటే ప్రయాణం చేసింది. తులసి కుండీ నా ఒడిలో.

వాహనం 17 అడుగుల డీసీఎం అన్నారు. ఆ పేరు గల కంపెనీ టొయోటాతో కలిసి వ్యాన్లు చేయడం మానేసి దశాబ్దాలు దాటినా, మనవాళ్లకు ఆ సైజు బండి ఏదైనా డీసీఎమ్మే. వచ్చింది మరో కంపెనీ బండి, కంటైనర్ లాంటి మూసిన బాడీ, కొలతకు సరిపోయింది. మా సామాను ఒక్కటే ఎక్కిస్తామని కాగితంలో ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకు లోడు ముగిసింది, తాళం వేసి సీలు వేశారు, లారీ రసీదు ఇచ్చారు. రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారి ఏడింటికి నిజాంపేటలో ఉంటుందన్నారు. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటుకుంటూ మేము తెల్లవారుజామున చేరాం.

బండి రాలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పాలు పొంగించే ముహూర్తం తొమ్మిదిన్నరకు. పొయ్యి లారీలో ఉంది. పక్క ఫ్లాటువారు పరిచయం కూడా కాకుండానే ఇండక్షన్ పొయ్యి, దాని మీద పనిచేసే గిన్నె ఇచ్చారు. పాలు తూర్పువైపు పొంగాయి. ఆఫీసు మాత్రం ఫోను తీయలేదు. పదకొండుకు డ్రైవరు నంబరు దొరికింది. బండి విజయవాడ దాటనే లేదు. ఆటోనగర్ వైపు ఉన్న వాళ్ల యార్డులో రాత్రి నుంచీ నిలిచి ఉంది. సూర్యాపేటలో దించాల్సిన మరొకరి సామాను సాయంత్రానికి సిద్ధమవుతుందని, అది కూడా ఎక్కించుకుని బయలుదేరమని ఆఫీసు చెప్పిందట.

మూసిన ఇనుప బాడీ వానకాలంలో సామానుకు రక్ష. మే 28న బెజవాడ యార్డులో నీడ లేకుండా పగలంతా నిలబెడితే అదే ఆవిరి పాత్ర అవుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆఫీసు ఆ ఉత్తర్వు ఇచ్చి ఉండేది కాదు. తెలిసీ ఇచ్చి ఉంటే అది మరీ ఘోరం. మా సీలు విప్పి, మరొకరి సామాను ఎక్కించి, నాలుగు గంటలకు బయలుదేరి, సూర్యాపేటలో దించి, అర్ధరాత్రి ఒంటిగంటకు బండి మా గేటు ముందుకు వచ్చింది. అపార్ట్‌మెంట్ సంఘం నిబంధనల ప్రకారం ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకే సామాను ఎక్కించనిస్తారు, సర్వీసు లిఫ్టు ముందుగా చెప్పి రాయించుకోవాలి. మేము 28వ తేదీకి రాయించుకున్నాం. 29కి మార్చుకోవడానికి సంఘం కార్యదర్శి కాళ్లా వేళ్లా పడాల్సి వచ్చింది. వేసవిలో ఆ లిఫ్టుకు కూడా వరుస ఉంటుంది మరి. గేటు ముందు రాత్రంతా ఆగినందుకు ‘హాల్టింగ్’ కింద 2,500 రూపాయలు ఇమ్మని సంస్థ అడిగింది. ఆలస్యం ఎవరిదో రాతపూర్వకంగా అడిగేసరికి ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

దించిన మనుషులు వేరు. పని చేశారు, పెట్టెల మీద రాసిన గది పేర్లు చూడలేదు, అన్నీ హాల్లో పేర్చి వెళ్లారు. మూడు మార్కులు.

నష్టం ఎంతన్నది చెప్పాలి. గాజు సామానులో ఒక్క గ్లాసు కూడా పగల్లేదు. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నీ పనిచేస్తున్నాయి. ఆ నలుగురి చేతుల పని అంత గట్టిది. వేడికి మాత్రం ఆ చేతులు ఏమి చేయగలవు? మామయ్యగారి రాతబల్ల రెండు పక్కలా శనగగింజంత గుండ్రని మచ్చలు వరుసలు తీరి పడ్డాయి. పక్క నుంచి వెలుగు పడితే చేప పొలుసుల్లా కనిపిస్తాయి. పైభాగం, బొంత చుట్టిన మేర, నిగనిగలాడుతూనే ఉంది. ప్లైవుడ్ మంచానికి అంచు పట్టీలు రెండుచోట్ల గమ్ము వదిలి లేచాయి. కరెంటు పోతుందని దాచుకున్న కొవ్వొత్తులు వంగిపోయి చెంచాల సొరుగులో పాముల్లా చుట్టుకున్నాయి. మరో నష్టం ఉంది, దానికి సంస్థను అనను. కొలువు పెట్టెలోని కొండపల్లి బొమ్మలను ఎవరినీ ముట్టుకోనివ్వకుండా నేనే ప్లాస్టిక్ కవర్లలో చుట్టాను. అంబారీ ఏనుగు వీపు మీది ఎర్ర రంగు కవరుకు అంటుకుని ఊడి వచ్చింది. పాత నూలు చీర ముక్క చుట్టి ఉంటే సరిపోయేది. ఇంటినిండా పాత చీరలున్నాయి.

సామాను దించుకున్న రోజునే, సంతకం పెట్టే డెలివరీ కాగితం మీద ఈ నష్టాలన్నీ రాసి, ఫోటోలు తీసి, ఆ తరువాతే సంతకం పెట్టాను. దించినవాళ్ల మేస్త్రీ ఖాళీ కాగితం మీద పెట్టమన్నాడు, పెట్టలేదు. పాలిష్‌కు 9,000, అంచు పట్టీలకు 2,500 అవుతుందని వడ్రంగి రాసిచ్చిన కాగితం జతచేసి, 6,000 కట్టిన ‘ట్రాన్సిట్ రిస్క్’ కింద చెల్లించమని అడిగాను. అప్పుడు తెలిసింది, అది బీమా కాదని. ఏ బీమా కంపెనీ పాలసీ నంబరూ దానికి లేదు. సంస్థే తనకు తాను రాసుకున్న హామీ అది. అందులో అడుగున చిన్న అక్షరాలతో ‘వాతావరణం వల్ల కలిగే మార్పులకు బాధ్యత లేదు’ అని ఉంది. మీరు కట్టేది బీమా అయితే బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు గల కాగితం బండి కదిలే ముందే మీ చేతిలో ఉండాలి. లేకపోతే ఆ డబ్బు కట్టకండి.

వాతావరణం వల్ల అన్న మాటను నేను ఒప్పుకోలేదు. ఎండ మే నెలలో కొత్తగా రాలేదు, బండిని ఎండలో నిలబెట్టింది వాళ్లు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సామాను బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రవాణాదారుకు రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే తరువాత దావా వేయడానికి వీలుండదు. అందుకని ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వారం తిరగకుండా సంస్థ నుంచి ఒకరు ఫోను చేసి, చాలా మర్యాదగా, 3,000 ఇస్తామన్నారు. వద్దన్నాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అయిదు లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు, మనం ఉండే ఊళ్లోనే వేయవచ్చు.

ఈ సంస్థను మళ్లీ పిలుస్తారా అని మా సహోద్యోగులు అడుగుతున్నారు. డిసెంబరులో అయితే, బండి మా సామానుకే అని, సీలు విప్పకూడదని, విప్పితే కిరాయిలో ఎంత కోత వేస్తామో కూడా రాయించుకుని పిలుస్తాను. మే నెలలో పిలవను. మేలో ఎవరిని పిలిచినా దుప్పట్లు ఎన్ని పంపుతారో, బండి రాత్రి ఏ గంటకు ఊరు దాటుతుందో, పగలు ఎక్కడైనా ఆగితే నీడ ఉంటుందో లేదో అడుగుతాను. ఇవి అడిగితే ప్రతినిధి ముఖం ఎలా పెడతాడో చూసి కూడా సగం తేల్చుకోవచ్చు. ఆ శ్రీకాకుళం పెద్దాయన సొంతంగా పని మొదలుపెడితే మాత్రం మా వీధి మొత్తాన్నీ ఆయనకే అప్పగిస్తాను. నంబరు అడిగితే, ఆఫీసుకు తెలిస్తే ఊరుకోరని ఇవ్వలేదు.

విప్పిన ఖాళీ పెట్టెలను వారంలోగా మనిషిని పంపి తీయిస్తామని అంచనా కాగితం చివరి వరుసలో ఉంది. ముప్ఫై నాలుగు అట్టపెట్టెలు బాల్కనీలో ఉన్నాయి. నిన్న సాయంత్రం ఎండ పడమరకు తిరిగాక వెళ్లి చూశాను. ఆయన మూడు వరుసలు వేసిన టేపు ఒక్కచోట కూడా ఊడలేదు.